చాదస్తాల చిట్టా

పత్రికల్లో కథ అయిపోయాక కింద చిన్న అక్షరాల్లో రచయిత పరిచయం ఉంటుంది కదా, నేను ముందు అది చదువుతాను. కథ తర్వాత. చాలా ఏళ్ళుగా చదువుతున్నాను కాబట్టి ఇప్పుడు చూడకుండానే చెప్పగలను. పుట్టింది ఫలానా పల్లెటూరు, ప్రస్తుత నివాసం ఫలానా నగరం, వృత్తి సాఫ్ట్‌వేరో పాఠాలు చెప్పడమో, ప్రవృత్తి సాహిత్యం. చిన్నప్పుడు ఇంటికి చందమామ వచ్చేది. అమ్మమ్మ కథలు చెప్పేది. ఆ తర్వాత ఇష్టాలు: వాన, కాఫీ, పాత పాటలు, ప్రయాణాలు, ఏకాంతం. ఈ మధ్య పిల్లులు కూడా చేరాయి.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. వాన ఎవరికి చేదు? ఇబ్బంది ఏంటంటే, ఆ నాలుగు లైన్లూ ఒకరి కింద నించి తీసి ఇంకొకరి కింద పెట్టినా ఎవరికీ తేడా తెలీదు. పైగా ఆ ఇష్టాల వల్ల రాసినవాళ్ళకి ఒక్క పైసా ఖర్చు లేదు. వానంటే ఇష్టం అన్నందుకు రేపు ఎవరూ వచ్చి, మరి ఆ కథ అలా ఎందుకు రాశారు అని నిలదీయరు. తనను నిలదీయడానికి పనికొచ్చే మాట ఒక్కటైనా లేని పరిచయం, పెళ్ళిచూపుల్లో చెప్పే పరిచయం లాంటిది. అబ్బాయికి అలవాట్లేమీ లేవండీ, అంటారే, అది.

కథకులకీ కవులకీ ఇది చెల్లుతుంది. వాళ్ళ పరిచయం ఎలా ఉన్నా కథ కథగా నిలబడుతుంది, లేదా పడిపోతుంది. విమర్శ రాసేవాళ్ళకి మాత్రం చెల్లదు. నేను ఒక పుస్తకం బాగుంది అన్నప్పుడు ఆ బాగు సగం పుస్తకంలోది, సగం నా చెవిలోది. నా చెవి ఏ ఊరిదో, దానికి ఏ చాదస్తాలు ఉన్నాయో చెప్పకుండా దాచిపెడితే, కొన్నాళ్ళకి ఆ చాదస్తాలే ప్రమాణాలుగా చలామణీ అయిపోతాయి. మన విమర్శలో అయ్యాయి కూడా. నెలకో పుస్తకం గురించి ఇక్కడ రాయబోతున్నాను కాబట్టి కొత్త పాఠకులకి నా సంగతి చెప్పుకోవాలి. చెప్పేముందు, మనవాళ్ళు తమ సంగతి ఎట్లా చెప్పుకున్నారో ఒకసారి చూస్తాను. ఇదే మొదటి చాదస్తం అనుకోండి: ఏ పని మొదలుపెట్టినా పాత ఖాతా తీసి చూడకుండా ఉండలేను. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు చూసిన చేతులివి.

పాతకాలం కవికి పరిచయం రాసుకోవడం తప్పనిసరి పని. కావ్యం ముందు అవతారిక ఉండాలి, అందులో గోత్రం, తల్లిదండ్రులు, గురువు, కృతి పుచ్చుకునే ఆయన వంశం, పాత కవులకి దండం, చెడ్డ కవులకి నాలుగు తిట్లు. (ఇవాళ్టి ముందుమాటల్లో దండాలు మిగిలాయి, తిట్లు పోయాయి. నాకు తిట్లే ఉపయోగంగా ఉండేవి. ఒక కవికి ఏది పడదో అక్కడే తెలిసేది.) నన్నయ తన గురించి చెప్పుకున్నది చూస్తే, జపహోమాలు చేసేవాడిని, వ్యాకరణం బాగా తెలిసినవాడిని, పురాణాలు చదివినవాడిని, రాజుగారి కులబ్రాహ్మణుణ్ణి. ఇప్పటి భాషలో అర్హతల పట్టిక. తిక్కన వచ్చేసరికి అర్హతలు చాలలేదు, కలలో తండ్రి కొమ్మన హరిహరనాథుణ్ణి వెంటపెట్టుకొని వచ్చి సిఫారసు చేయాల్సొచ్చింది. సిఫారసు అంటే తిక్కన అభిమానులకి కోపం వస్తుందేమో గానీ, కొడుకు మొదలుపెట్టబోయే పెద్దపనికి తండ్రి తోడు రావడం కంటే మనిషితనం ఉన్న సిఫారసు నాకు ఇంకోటి కనపడలేదు.

శ్రీనాథుడు ఇంకో దారి పట్టాడు. కాశీఖండం అవతారికలో తన వయసులనీ తన పుస్తకాలనీ జతచేసి చెప్పాడు. పిలకేసుకున్న పసితనంలో మరుత్తరాట్చరిత్ర, మీసం మొలిచే వయసులో శాలివాహన సప్తశతి, నిండు యవ్వనంలో నైషధం, వయసు పండాక భీమేశ్వరుడి మహిమ, ఇప్పుడు ఇంకా వాలిపోకముందే కాశీఖండం. ‘ఈ రచయిత ఇతర రచనలు’ అని అట్ట వెనక వేసే జాబితా అంతకు ముందెవరైనా ఇంత దర్జాగా వేశారా? ఇందులో నన్ను పట్టి ఆపేది మొదటి రెండు పేర్లు. మరుత్తరాట్చరిత్ర మనకి దొరకలేదు, శాలివాహన సప్తశతీ దొరకలేదు. పుస్తకాలు పోయాయి, పరిచయం మిగిలింది. పిలకా మీసమూ చెప్పకుండా ఊరికే పేర్లు మాత్రం వరసగా చెప్పుంటే ఆ పద్యం ఇంతమంది నోట్లో ఉండేది కాదు. సొంత శరీరాన్ని పద్యంలోకి తీసుకురావడం శ్రీనాథుడి అలవాటు. పల్నాడులో జొన్నకూడు గొంతు దిగలేదని ఆయన పేరు మీద తిరిగే చాటువుల్లోనూ అదే నోరు.

చాటువుల మాట వచ్చింది కాబట్టి పెద్దన. మనుచరిత్ర ముందు కాదు, చాటువుగా ఆయన పేర ఒక పద్యం నిలిచింది. కవిత్వం చెప్పాలంటే ఏమేం కావాలో అందులో ఏకరువు పెట్టాడు. అలజడి లేని చోటు, అందమైన అమ్మాయి తెచ్చి ఇచ్చే కప్పురపు విడెం, మనసుకు నచ్చిన భోజనం, ఊయలమంచం, తప్పొప్పులు చెప్పగల రసికులు, చెప్పింది ఇట్టే పట్టుకునే లేఖకులు, పాఠకులు. ఇవన్నీ దొరికితే చెబుతాను, ఊరికే చెప్పమంటే ఎట్లా అని ముగింపు. రచయిత తన తిక్కలు నిస్సిగ్గుగా బయటపెట్టిన తెలుగు మాటల్లో ఇంత పేరున్నది ఇంకోటి లేదు. అందరూ విడెం దగ్గరా ఊయల దగ్గరా నవ్వుకొని ఆగిపోతారు. నాకు ఆ పద్యంలో చివరి కోరికలే అసలువి అనిపిస్తాయి. తప్పు తప్పని చెప్పేవాళ్ళు, విన్నది విన్నట్టు రాసుకునేవాళ్ళు. ఊయలమంచం ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇవి కొనేవి కావు. రాయలవారి కొలువులో కూచుని కూడా మంచి పాఠకుల్ని అడుక్కోవాల్సి వచ్చిందన్నమాట.

ఇంకొకటి కూడా గమనించండి. ఆ సౌఖ్యాలన్నిటికీ వెనక మనుషులున్నారు. విడెం తెచ్చేవాళ్ళు, వండేవాళ్ళు, రాసేవాళ్ళు. పెద్దన వాళ్ళలో కొందరిని పద్యంలోనే నిలబెట్టాడు. ఈ సంగతి మళ్ళీ పనికొస్తుంది, పక్కన పెట్టుకుందాం.

మొల్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బడిలో ఆమె పరిచయాన్ని మనకి తప్పుగా పరిచయం చేశారు. రామాయణం మొదట్లో ఆమె నాకిది రాదు, అది రాదు అని చెప్పుకుంటూ పోతుంది. నిఘంటువులు రావు, కారకాలూ విభక్తులూ రావు, ధాతువులు రావు, సంధులూ సమాసాలూ రావు, అలంకారాలు రావు, ఛందస్సు రాదు, గోపవరం శ్రీకంఠమల్లేశుడి దయ వల్ల కవిత్వం అబ్బింది అంతే. దీన్ని మాకు ‘మొల్ల వినయం’ అని చెప్పారు, పరీక్షలో అట్లాగే రాశాం, మార్కులు పడ్డాయి. నాకిప్పుడు అది వినయంగా వినపడదు. శాస్త్రం రానివాళ్ళకి శాస్త్రంలో ఏమేం విభాగాలు ఉన్నాయో వరస తప్పకుండా చెప్పడం రాదు. బ్యాంకుకి కొత్తగా వచ్చినవాళ్ళు ‘నాకేమీ తెలీదండీ’ అంటారు. ‘నాకు అప్పుపత్రాలూ రావు, వడ్డీ లెక్కలూ రావు, బకాయిల వసూలూ రాదు’ అని విడివిడిగా చెప్పేవాళ్ళకి అన్నీ వచ్చు. ఆ జాబితా, పండితులు తనని ఏ తూకంరాళ్ళతో తూచబోతున్నారో ఆ రాళ్ళ పేర్లు. వాటిని తనే ముందు బల్ల మీద పేర్చి, వీటితో నన్ను తూచకండి అంటోంది.

మరి దేంతో తూచాలి? అదీ చెప్పింది. అర్థంకాని మాటలు గుదిగుచ్చి చెప్పే కావ్యం మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ మాట్లాడుకున్నట్టుంటుందనీ, తేనె నాలుకకి తగలగానే నోరు తీపెక్కినట్టు చదవగానే అర్థం తెలియాలనీ. ఇది ఇష్టాయిష్టాల మాటే, నాకు తేనె ఇష్టం అన్నట్టే. కానీ దీని ఖర్చు ఎంతో చూడండి. ఈ మాట అన్నాక ఆమె రాసిన ప్రతి పద్యాన్నీ పాఠకులు ఇదే గిద్దెతో కొలుస్తారు. ఆరు కాండలూ కలిపి తొమ్మిది వందలు దాటని పద్యగద్యాల్లో కథ ముగించింది, అక్కడ మాట దక్కింది. కొన్ని వర్ణనల్లో ఆమె కూడా సమాసాలు పొడుగ్గానే కట్టింది. అక్కడ ఆగి, ఏమమ్మా తేనె అన్నావు కదా అని అడిగే హక్కు పాఠకురాలిగా నాకుంది, ఆ హక్కు ఆమే ఇచ్చింది. రాసేవాళ్ళు తమ గురించి చెప్పే మాటల్లో ఇట్లా చదివేవాళ్ళ చేతికి తాళం ఇచ్చేవి ఎన్ని? నేను పరిచయాలన్నిటినీ దీనితోనే పరీక్షిస్తాను. నాకు వాన ఇష్టం అన్నది పరీక్షకి నిలవదు. నాకు అర్థంకాని పద్యం గిట్టదు అన్నది నిలుస్తుంది.

ఇంగ్లీషువాళ్ళ సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది మన పిఠాపురం దాకా నడిచొచ్చింది. 1711 మార్చి 1న లండన్‌లో స్పెక్టేటర్ పత్రిక మొదటి సంచిక వచ్చింది. అందులో అడిసన్ మొదలుపెట్టడమే పరిచయంతో మొదలుపెట్టాడు. రాసినవాడు నల్లవాడా తెల్లవాడా, నెమ్మదివాడా కోపిష్ఠా, పెళ్ళయినవాడా బ్రహ్మచారా తెలిస్తే గానీ పాఠకుడికి పుస్తకం రుచించదు అన్నాడు. అని, తన గురించి బోలెడు చెప్పాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను, కాలేజీలో ఎనిమిదేళ్ళలో వంద మాటలు మాట్లాడానో లేదో, ఒక పిరమిడ్ కొలతలు చూడ్డానికి పనిగట్టుకొని ఈజిప్టు పోయొచ్చాను. చివర్లో మాత్రం పేరు చెప్పనన్నాడు, వయసు చెప్పనన్నాడు, బస ఎక్కడో చెప్పనన్నాడు. ఇవాళ్టి పరిచయాలు మొదట చెప్పేవి సరిగ్గా ఆ మూడే, ఆయన చెప్పినవి ఇవాళ ఎవరూ చెప్పరు. ఆ మౌనం అలంకారానికి పెట్టింది కాదు. ఊళ్ళో కాఫీహోటళ్ళలో తిరుగుతూ నోరు మెదపకుండా చూసే మనిషి కావాలి, ఆ పత్రిక చేయదలచుకున్న పనే అది. ఆ చాదస్తం పత్రికకి పునాది.

పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు దాన్ని చూసి 1913లో సువర్ణలేఖలో సాక్షి వ్యాసాలు మొదలుపెట్టారు. తర్వాత అవి ఆంధ్రపత్రికలో వచ్చి ఊరూరా చేరాయి. లండన్ క్లబ్బుకి బదులు మనకి సాక్షి సంఘం, అందులో సాక్షి, జంఘాలశాస్త్రి, వాణీదాసు, కాలాచార్యులు, బొర్రయ్యసెట్టి. అనుకరణ అని తీసిపారేసేవాళ్ళు ఒక సంగతి చూడరు. పానుగంటి అన్నీ తెచ్చుకున్నారు గానీ మౌనాన్ని తెచ్చుకోలేదు. అక్కడి మనిషి నోరు విప్పడు, మన జంఘాలశాస్త్రి నోరు మూయడు. సాక్షి వ్యాసాల్లో చాలా భాగం ఆయన ఉపన్యాసాలే. వీరేశలింగం గారి తరం అప్పుడే సభలు పెట్టి ప్రసంగాలు చేసి వెళ్ళింది, స్వదేశీ ఉద్యమంలో ఊళ్ళు ఉపన్యాసాలు విన్నాయి. మాట్లాడకుండా మూల కూచుని చూసే మనిషిని తెలుగు పాఠకుడు నమ్మే కాలం కాదది. అందుకని పానుగంటి అరిచేవాణ్ణి పెట్టారు. అరువు తెచ్చుకున్న పరికరంలో సొంత ఊరి చాదస్తాన్ని బిగించడం చిన్న పనేం కాదు. ఒకే మాటకి పది పర్యాయపదాలు దొర్లించే ఆ ధోరణి నాకు మూడు పేజీల తర్వాత తలనొప్పి తెస్తుంది, అది వేరే సంగతి. అది నా చెవి.

నా చెవి ఏ ఊరిదంటే, రెండూళ్ళది. మా నాయినది సూర్యాపేట దగ్గర ఊరు, మా అమ్మది కృష్ణ ఒడ్డున బెజవాడ అవతల. ఇంట్లో ఒక మాటకి రెండు మాటలు నడిచేవి. ఆయనకి యాదికొచ్చేది, ఆమెకి గుర్తొచ్చేది. ఆయన ‘ఎట్ల’ అంటే ఆమె ‘ఎలా’ అనేది. నేను రెండూ కలిపి ‘ఎట్లా’ అంటాను, పైన చూశారుగా. పుస్తకాల్లో మాత్రం అమ్మ మాటే కనపడేది. నాయిన మాట కనపడితే పాత్ర జీతగాడో రిక్షావాడో అయ్యుండేది. అందుకని ఇప్పటికీ సమీక్షల్లో ‘యాస’ అన్న మాట దగ్గర నేను పెన్సిల్ గీత గీస్తాను. ‘తెలంగాణ యాసలో రాసినా హాయిగా చదివిస్తుంది’ అన్న ధోరణి వాక్యాలు మీరూ చూసే ఉంటారు. ‘రాసినా’లో ఆ దీర్ఘం చూడండి. గోదావరి జిల్లా కథ గురించి రాస్తూ ‘గోదావరి యాసలో రాసినా’ అని ఎవరూ అనరు, అక్కడ అది ‘జీవభాష’ అవుతుంది. ఈ వాక్యాలు రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ చెవి ఏ ఊరిదో వాళ్ళు ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతే. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు భాషాదినోత్సవాలు, ఆంధ్రలో గిడుగు పుట్టిన ఆగస్టు 29, తెలంగాణలో కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9. సభలు రెండు రోజులూ బాగానే జరుగుతాయి. సమీక్షలో ఆ దీర్ఘం మాత్రం అక్కడే ఉంది.

దీనికి విరుగుడు నాకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దగ్గర దొరికింది, విచిత్రంగా. ఆయనంత గోదావరి పక్షపాతి ఇంకొకరు లేరు. ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తీసి చదవండి. వేదం, సంస్కృతం తప్ప తెలుగు ఒక చదువా అనుకునే పండితుల ఇంట్లో పుట్టి, నాకు తెలుగే కావాలి అని మొండికేసిన కుర్రాడి కథ అది. ఆయన చాదస్తాలు ఆ పుస్తకం నిండా ఉన్నాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడేదే అసలైన తెలుగు అన్న పట్టుదల, హిందీ మీద కోపం, సంస్కృతాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళ మీద వెటకారం. ఏదీ దాచలేదు. ఎవరు నొచ్చుకుంటారో చూసుకోలేదు. ఇంటివాళ్ళతోనే పడిన గొడవ అది, దాని ఖర్చు ఆయన భరించారు. అంత బాహాటంగా చెప్పారు కాబట్టే సూర్యాపేట నాయిన కూతురిగా నాకు ఆయనతో పేచీ లేదు. ఈయన చెవి ఆ అగ్రహారం వంటింటి గుమ్మం దగ్గర ఉంది అని తెలిసిపోయింది. ఇక ఆ గుమ్మం దగ్గర వినపడేదంతా హాయిగా వింటాను, అది తెలుగంతా అని నమ్మను. నమ్మమని ఆయన బలవంతం చేసినా నమ్మను, ఎందుకంటే చిరునామా ఆయనే ఇచ్చారు. ‘మంచి తెలుగు’ అని ఊరూపేరూ లేకుండా మాట్లాడేవాళ్ళ దగ్గరే నాకు జాగ్రత్త కావాలి.

సామల సదాశివ గారిది దీనికి పూర్తిగా వేరే పద్ధతి. ‘యాది’ చదువుతుంటే ఆయన తన గురించి చెబుతున్నారో తను కలిసిన మనుషుల గురించి చెబుతున్నారో తెలియదు. ఆదిలాబాదులో కూచుని ఉర్దూ కవులనీ హిందుస్తానీ గాయకులనీ తెలుగులోకి పిలుచుకొచ్చిన మనిషి. పాడేవాడిగా కాదు, వినేవాడిగా. ఏది వింటే ఆగిపోయాడో చెబుతాడు, మనకి మనిషి తెలిసిపోతాడు. ఏ మాటకి ఆ మాట, నాకు ఇది అన్నిటికంటే నచ్చే పరిచయం, కానీ నా వల్ల కాదు. అందుకు మంచి జ్ఞాపకశక్తీ, ఎదుటివాళ్ళ మీద ఈర్ష్య లేకపోవడమూ రెండూ ఉండాలి.

ఇప్పుడు పెద్దన దగ్గర పక్కన పెట్టిన సంగతి. నేను కథలు చదివేటప్పుడు కాఫీలు లెక్కపెడతాను. నవ్వకండి, నిజంగానే లెక్కపెడతాను. పుస్తకం వెనక ఖాళీ పేజీలో గీతలు గీస్తాను. ఎవరు పెట్టారు, ఎవరు తెచ్చారు, ఎవరు తాగారు, గ్లాసు ఎవరు కడిగారు. పాత వారపత్రికల కథల్లో ‘కాఫీ వచ్చింది’ అని ఉంటుంది. మన భాషలో కాఫీ తనంతట తను నడిచి వస్తుంది. పడకకుర్చీలో కూచున్న ఆయన సమాజం గురించీ, చనిపోయిన స్నేహితుడి గురించీ, విప్లవం గురించీ ఆలోచిస్తుంటాడు, కాఫీ వస్తుంది, భోజనం వేళవుతుంది, పక్క వేసి ఉంటుంది. పెద్దనే నయం, విడెం తెచ్చే మనిషిని పద్యంలోకి రానిచ్చాడు. ఈ లెక్క వల్ల పుస్తకం మంచిదో చెడ్డదో తేలదు, ఆ సంగతి నాకూ తెలుసు. కొన్ని గొప్ప కథల్లో ఒక్క గ్లాసూ ఎవరూ కడగరు. కానీ ఒక రచయిత చూపు ఎక్కడిదాకా పోతుందో, ఎక్కడ గోడ తగిలి ఆగిపోతుందో ఈ గీతల వల్ల నాకు త్వరగా తెలుస్తుంది. నేను ఒక నవల గురించి కొంచెం పొడిగా రాశానంటే, గీతలు ఎక్కువ పడి ఉంటాయని మీరు అనుమానించవచ్చు. అనుమానించాలనే చెబుతున్నాను.

ఈ అలవాటుకి ఒక కారణం అబ్బూరి ఛాయాదేవి గారి ‘సుఖాంతం’. ఆ కథలో ఆవిడకి కావలసింది నిద్ర. చిన్నప్పట్నించీ కంటినిండా నిద్ర పోవాలని కోరిక, ఎప్పుడూ ఎవరో ఒకరు, ఏదో ఒక పని లేపేస్తూనే ఉంటాయి. చివరికి నిద్రమాత్రలు. దాన్నే పరిచయంలో రాసి చూడండి: ‘ఈమెకు నిద్రంటే ఇష్టం.’ ముచ్చటగా ఉంటుంది, వాన పక్కనా పిల్లుల పక్కనా చక్కగా ఇమిడిపోతుంది. ఇంట్లోవాళ్ళు కూడా అట్లాగే అనుకొని ఉంటారు, మా ఆవిడకి కాస్త నిద్ర పిచ్చి అని. ఒక మనిషి జీవితమంతా అడిగిన ఒకే ఒక్క న్యాయమైన సంగతిని మనం సరదా అలవాటు కింద జమకట్టేయగలం. అందుకనే ఎవరిదైనా చిన్న చాదస్తం చదివినప్పుడు, దాని వెనక ఏ బాకీ ఉందో అని ఒక్క క్షణం ఆగుతాను. బ్యాంకు వదిలినా బాకీలు వదల్లేదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ముందుమాటలు చివర్లో చదువుతాను, చలం గారు మహాప్రస్థానానికి రాసిన యోగ్యతాపత్రం ఒక్కటి తప్ప. అది ముందుమాట అనుకోను, ఆ పుస్తకంలో ఇంకో కావ్యం అనుకుంటాను. సంభాషణలు పైకి చదువుతాను, పక్కింటివాళ్ళకి అలవాటైపోయింది. నోట్లో తిరగని మాట ఏ పాత్రా మాట్లాడలేదని నా నమ్మకం. దీనివల్ల చారిత్రక నవలలకి నా దగ్గర కష్టకాలం, వాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. అమ్మ చనిపోతే మొదలయ్యే కథలూ, అమ్మ చనిపోతే ముగిసే కథలూ రెండు పూటలు ఆగి చదువుతాను. వాటి ముందు నా కళ్ళు నా మాట వినవు, విమర్శ మాట అసలు వినవు. కవిత్వం గురించి తక్కువ రాస్తాను. వచనంలో ఒక వాక్యం ఎందుకు నిలబడిందో నాకు చెప్పడం వచ్చు, కవితలో మౌనం ఎందుకు నిలబడిందో చెప్పడానికి ఇంకా మాటలు వెతుక్కుంటున్నాను. తెలిసినవాళ్ళ పుస్తకాల మీద రాయను. తెలుగులో ఇది కొంచెం కష్టమైన నియమం, రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకళ్ళకొకళ్ళు పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళే. అందుకని ఎవరి పుస్తకం గురించైనా నేనేమీ అనలేదంటే బాగాలేదని కాదు, భోజనం చేసొచ్చానని అర్థం.

వచ్చే నెల శ్రీపాద వారి ‘వడ్లగింజలు’ తీస్తాను. పైకి చదవడం అయింది. కథంతా చదరంగం మీద నడుస్తుంది, చదరంగం నాకు రాదు, ఎత్తుల గురించి నన్నేమీ అడగకండి. ఎవరు ఎక్కడ తిన్నారో, ఎవరు వడ్డించారో మాత్రం వెనక ఖాళీ పేజీలో రాసిపెట్టుకున్నాను.